అత్తయ్య వైన్ జాడీ

మా అత్తయ్యను వీధిలో పిల్లలు రైట్‌రైటత్త అంటారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది మరి. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడింట్లో, అంటే మా ఇంట్లో, హాలు పక్క గదిలో ఉంటుంది. డాబా మీద ఆమెవి రెండు ద్రాక్ష తీగలున్నాయి. నల్లది రంగుకు, పచ్చది తీపికి అంటుంది. పళ్ళు కోతకొస్తే చేత్తోనే చిదిమి, గాజు జాడీలో పోసి, మూతికి పలచటి గుడ్డ కడుతుంది. పులిసేటప్పుడు గాలి బయటికి పోవాలట.

మా నాన్నకు ఆ జాడీ కంట్లో నలుసు. "ఆడదానివి, ఇంట్లో వైన్ కాయడమేంటక్కా? నలుగురిలో తలెత్తుకోవద్దూ?" అని సణిగేవాడు.

"కాయడం కాదురా, పులియబెట్టడం. తెలియకపోతే అడుగు" అనేది అత్తయ్య. ఆమె నోటికి జడిసి నాన్న జారుకునేవాడు.

ఒకసారి నాన్న తన కొత్త మేనేజరును భోజనానికి పిలిచాడు. వాసన రాకూడదని, అత్తయ్య డాబా మీదున్నప్పుడు గుడ్డ విప్పి, జాడీకి మర మూత గట్టిగా బిగించాడు. అనుమానం రాకుండా పైన మళ్ళీ గుడ్డ కట్టాడు. అతితెలివి అంటే అదే.

మర్నాడు మేనేజరు మొదటి ముద్ద ఎత్తగానే అత్తయ్య గదిలో ఢామ్మంది. జాడీ ముక్కలైంది. గోడల నిండా ఎర్రటి మరకలు, ద్రాక్ష తొక్కలు. తలుపు కిందనుంచి వైన్ హాల్లోకి పారింది. మేనేజరు కాళ్ళు పైకెత్తి కూర్చుని, కాసేపటికి ఏదో పనుందని వెళ్ళిపోయాడు.

"ఇక చాలక్కా. ఈ ఇంట్లో ఉండాలంటే ఇది మానెయ్" అన్నాడు నాన్న.

అత్తయ్య గాజు ముక్కల మధ్య నుంచి మూత తీసి చూసింది. "ఇది బిగించిందెవర్రా?"

నాన్న చీపురు అందుకుని గాజు ముక్కలు ఊడవబోయాడు.

"అప్పట్లో మా బస్సు డ్రైవర్ని చేసుకుంటానంటే నీకు నామోషీ అన్నావు. నీ మొహం చూసి మానుకున్నా. ఇన్నేళ్ళూ ఏడవని రోజు లేదు. నీ నామోషీ కోసం వదులుకున్నది అదొక్కటీ చాలు. పొమ్మంటే ఇవాళే పోతా. వైన్ మాత్రం మానను."

నాన్న పొమ్మనలేదు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

మరుసటి ఏడు పళ్ళు కోతకొచ్చాయి. అత్తయ్య కొత్త జాడీ కొంది. దాన్ని తన గదిలో పెట్టుకోలేదు. హాల్లో, వచ్చేవాళ్ళందరికీ ఎదురుగా, సోఫా పక్కన స్టూలు మీద పెట్టింది.