రేడియేటర్‌లో ఉప్పు

ఏప్రిల్, ఆదివారం. హాడో, దీవిలో మేముండే పేట. ఉన్నవాళ్ళు: నాన్న, డ్రైవర్ అప్పన్న మామ, నేను.

నా పదో ఏట డైరీలో ఇంతే ఉంది. ఇవాళ రోడ్డు మీద ఒక కారు ఆవిరి కక్కుతుంటే చూసి, మిగతాది రాస్తున్నాను.

మా జీపు ఇంజను మళ్ళీ మరిగింది. ఫ్యాన్ బెల్టు బాగానే ఉంది, పైపులూ కారడం లేదు.

"నీళ్ళు పొయ్యకుండా తోలావురా, కామ్‌చోర్, పనిదొంగా!" అంటూ నాన్న స్పానరుతో మామ మొహం మీద కొట్టాడు.

"రోజూ పోత్తన్నానండీ, కసమ్‌సే, ఒట్టు!"

పెదవి చీలి రక్తం కారుతున్నా మళ్ళీ కొట్టాడు.

కుళాయి మూడు రోజులకోసారి వచ్చేది. అందుకే జీపుకి బిందె నింపి తెమ్మని మామ అంటే నేను సముద్రంలో ముంచి తెచ్చేదాన్ని. నీళ్ళు నీళ్ళే అనుకున్నాను. నాన్న కొడుతుంటే మాత్రం భయంతో ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు పొద్దున మామ రేడియేటరు మూతకంటిన తెల్లటి పొరను వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. చీలిన పెదవి ఉప్పుకి భగ్గుమంది. నావైపు చూశాడు.

"మీ నాన్నకి సెప్పకు బేటీ. నిన్నూ కొడతారు."