రెండు గుమ్మాల లార్డుగారు

లార్డ్ థోర్న్‌వేల్‌గారికి చేతులెత్తి ఓటెయ్యడమంటే ఒళ్ళుమంట. ఏ విషయమైనా సరే, ఔనన్నవాళ్ళు కుడి గుమ్మంలోంచి, కాదన్నవాళ్ళు ఎడమ గుమ్మంలోంచి నడిచి వెళ్ళాలి, ఆయన తలలు లెక్కపెట్టాలి. అప్పుడుగానీ ఆయనకు ముద్ద దిగదు.

శారదాంబకు మొదట్లో ఈ సంగతి తెలియదు. పక్కింటి పెద్దాయన కదా అని కూతురు నీరజ దోసెలకు పిలిచింది. కొబ్బరి చట్నీయా, అల్లం చట్నీయా అని అడిగిన పాపానికి ఆయన ఇంటిల్లిపాదినీ లేవదీసి, కొబ్బరివాళ్ళను వంటింట్లోకి, అల్లంవాళ్ళను వరండాలోకి నడిపించాడు. తిరిగొచ్చేసరికి దోసెలు చల్లారి తోలులా సాగాయి.

"ఈయనకేమన్నా పిచ్చా?" అంది శారదాంబ.

"కాదమ్మా, లార్డు," అంది నీరజ.

పుట్టు లార్డేమీ కాదు. ఇక్కడే, ఆస్ట్రేలియాలోని వులంగాంగ్‌లో సిటీబస్సు నడుపుకునేవాడు. ఇంగ్లండులో మొహమైనా చూడని పెదనాన్న పిల్లల్లేకుండా పోతే, ఆ బిరుదు వెతుక్కుంటూ వచ్చి ఈయన నెత్తిన కూర్చుంది. బస్సు దిగి విమానమెక్కి, పదకొండేళ్ళు లండన్‌లో పెద్దల సభలో కూర్చున్నాడు. నలుగురిలో నోరు పెగలదు కనక ఒక్క ప్రసంగమూ చెయ్యలేదు. ఆ సభలో ఓటెయ్యడమంటే ఇలా గుమ్మాలు దాటడమే, ఆయన రాజకీయమంతా అదే. అందులోనూ మొదటిరోజే, కోటు తగిలించిన వైపు నడిచి సొంత పార్టీకి ఎదురు ఓటేశాడట! తొంభై తొమ్మిదిలో కొత్త చట్టం వంశపారంపర్యపు లార్డుల్లో చాలామందిని ఇంటికి పంపింది. ఈయన తిరిగొచ్చి ఈ హెలెన్స్‌బర్గ్ చేరి, కౌన్సిల్ ఎన్నికల్లో మూడుసార్లు నిలబడి మూడుసార్లూ పడి, చివరికి కమ్యూనిటీ హాలు కమిటీకి ప్రెసిడెంటయ్యాడు. పోటీ ఎవరూ లేరు. అయినా గుమ్మాల ఓటింగు పెట్టించాడు.

ఆ హాల్లోనే ప్రతి శనివారం మధ్యాహ్నం తొమ్మిదిమంది తెలుగు పెద్దవాళ్ళు చేరి అష్టాచెమ్మా ఆడుకుంటారు. శారదాంబకు ఆ మూడు గంటలే ప్రాణం. ఇంట్లో మనవరాలు గీతికను ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబు. అలాంటిది, ఆ సమయం మాకు కావాలని జుంబా డాన్సు క్లాసువాళ్ళు పట్టుబట్టారు. మెంబర్లందరూ మీటింగులో లేచి, తమ అభిప్రాయం చెప్పి ఓటెయ్యాలన్నాడు సెక్రటరీ.

"అమ్మమ్మా, జస్ట్ స్టాండప్ అండ్ సే ఇట్!" అంది గీతిక.

"లేస్తానే తల్లీ, నోరే లేవదు," అంది శారదాంబ. ఆ వారమంతా ఆవిడకు నిద్ర పట్టలేదు.

మీటింగు మొదలవగానే లార్డుగారు బల్ల చరిచాడు. "నో స్పీచెస్! పెద్దవాళ్ళ ఆట ఉండాలంటే కుడి గుమ్మం. జుంబాకైతే ఎడమ. నడవండి!"

శారదాంబకు అప్పుడు గుర్తొచ్చింది. గుడికెళ్ళినట్టు తొమ్మిదిమందీ చెప్పులు బయట విప్పి వచ్చారు. విప్పింది ఎడమ గుమ్మం దగ్గర! జనార్దనరావుగారు అప్పుడే అటు బయల్దేరాడు.

"అటు కాదన్నయ్యగారూ!"

"నా చెప్పులు అటే కదమ్మా, కొత్తవి!" అంటూ ఆయన గడప ఇవతల నుంచే తొంగిచూశాడు. "అయ్యో, ఒక్క జతా లేదు!"

"దే ఆర్ ఆల్ హియర్!" అని గీతిక కుడి గుమ్మం బయట నుంచి కేకేసింది. తొమ్మిది జతలూ డిపోలో బస్సుల్లా వరసగా ఉన్నాయి. పెద్దలందరూ అటే పరుగు. పదహారు, పదకొండు. ఆట నిలిచింది.

"చెప్పులెవరు మార్చారు?" అన్నాడు సెక్రటరీ.

"నేనే. వాళ్ళకేం కావాలో పోయిన వారమే గీతిక చేత అడిగించాను," అన్నాడు లార్డుగారు సిగ్గుపడుతూ. "మాట రానివాళ్ళు కూడా నడవగలరు. కానీ కోటు కోసం నేను తప్పు గుమ్మం దాటినట్టు, చెప్పుల కోసం వీళ్ళు దాటకూడదుగా!"

ఎనభై ఏళ్ళ పెద్దమనిషి నా అరిగిపోయిన చెప్పులు మోశాడా! శారదాంబ సిగ్గుతో చచ్చిపోయింది. ఆయనను పిచ్చివాడన్న నోరు కొట్టుకోవాలనిపించింది. తలొంచి చూస్తే ఆయన కాళ్ళకు సాక్సులే ఉన్నాయి. పెద్దవాళ్ళను చూసి లార్డుగారు కూడా బూట్లు విప్పే వచ్చినట్టున్నాడు. అందరి జతలూ మోసి, తనవి మాత్రం ఎడమ గుమ్మం దగ్గరే మరిచాడు.

శారదాంబ గబగబా హాలు చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ బూట్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"లార్డయితే ఏం," అంది మీటింగుకొచ్చిన నీరజతో, నవ్వాపుకుంటూ, "సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చింది చూడు. రేపు దోసెలకు రమ్మను, కుట్టిపెడతాను. రెండు చట్నీలూ చేస్తానని ముందే చెప్పు."