ఎండకు కాగిన డోలు

తడి తగిలితే తోలు మెత్తబడుతది. ఈ ముక్క తెలువడానికి ఇంజనీరు చదువు అక్కర లేదు. కానీ దుబాయ్‌లో నేను పనిచేసిన హోటల్ల దీన్ని ఒప్పించడానికి ఒక పూటంతా పట్టింది, నా నోరు ఎండిపోయింది.

కరోనా సద్దుమణిగినంక మా హోటల్ పెద్ద హాల్ల ఏటా ఒక బహుమతి సభ జరిగేది. సల్సా పాటలు పాడేటోళ్లకు, వాయించేటోళ్లకు, ఆడేటోళ్లకు ఇచ్చే బహుమతి. కుర్చీలు వేసుడు, ఆడేటందుకు చెక్క పలకలు పరుచుడు, అయినంక అన్నీ ఎత్తుడు మా పని. కుర్చీల వెనుక గుడ్డ ముడులన్నీ ఒక్క ఎత్తుల ఉండాలని సూపర్‌వైజర్ టేపు పట్టుకొని కొలిచేటోడు. పనోళ్లు పొద్దటిసంది ఏమన్న తిన్నరా అని కొలిచే టేపు మాత్రం ఎవ్వని దగ్గర లేదు.

మూడో ఏడు ఎక్కడో సముద్రాల అవతలి నుంచి ఒక ముసలాయన వచ్చిండు. బతుకంతా డోలు వాయించినందుకు ఆ ఏటి పెద్ద బహుమతి ఆయనకే. పీపా లెక్క నిలువుగా ఉండే డోలు, కాంగా అంటరట. ఇప్పటి కాంగాలకు చుట్టూ ఇనుప మరలుంటయి, బిగిస్తే తోలు బిగుస్తది. ఆయనది పాతకాలపుది. తోలును మేకులతోని కొట్టిన్రు. మరలు లేవు, ఏం లేవు.

మే నెల, మధ్యాహ్నం. స్టేజీ మీద పొగ మిషను పెట్టి గంటసేపు పరీక్ష చేసిన్రు. పొగ అంటే కట్టెల పొగ కాదు, తడి పొగ, మంచు లెక్క ఉంటది. తర్వాత ముసలాయన డోలు మీద చెయ్యి వేస్తే తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పుడు. ఆయన జేబుల నుంచి లైటరు తీసి, ఒక కాగితం ముట్టించబోయిండు. సెక్యూరిటీ వాడు ఉరికొచ్చి గుంజుకున్నడు.

సభ నడిపే మేడం వచ్చి ఆయన భాషల ఏదో చెప్పింది. కొత్త కాంగా చూపించింది. ఆయన తలకాయ అడ్డంగ ఊపి, డోలును కాళ్ల మధ్య పెట్టుకొని కూసున్నడు. సొంత డోలు పలుకకపోతే బహుమతి తీసుకుంటడట గానీ వాయించడట. మేడం మొఖం చిన్నబోయింది.

మా సూపర్‌వైజర్ గోదావరి జిల్లా మనిషి, నా కొడుకు ఈడోడు. నా దగ్గరికొచ్చి, "ఇక్కడ అగ్గిపుల్ల గీస్తే పైనున్న నీళ్ల గొట్టాలు వాటంతటవే విప్పుకుని హాలంతా వాన కురుస్తది బాబాయ్. ఆయనకి నువ్వన్నా చెప్పు" అన్నడు.

"నాకు ఆయన భాష వస్తదా?"

"నువ్వూ డప్పు కొట్టేవాడివే కదా."

అది నిజమే. మా నాయన డప్పు కొట్టేటోడు, నేనూ ఏడేండ్ల వయసు నుంచే కొట్టిన. పెండ్లికైనా చావుకైనా ముందు గడ్డి మంట వేసి డప్పు కాపితేనే పని మొదలు. కాపని డప్పును మా ఊర్ల ఎవ్వడూ ముట్టడు. ముసలాయన లైటరు ఎందుకు తీసిండో ఆ హాల్ల నాకొక్కనికే తెలుసు. అందుకే డోలు చూపించి, రెండు చేతులు మంట మీద పెట్టినట్టు చేసిన. ఆయన వెంటనే లేచిండు. పొగ తడికే తోలు మెత్తబడ్డదని అక్కడున్నోళ్లందరికీ నోరు నొచ్చేదాక చెప్పిన.

ఇగ నేను చేసిన ఘనకార్యం చెప్త. మంట వద్దంటే వేడి పెట్టె ఉంది గదా అనుకున్న. అన్నాలు చల్లారకుండ పెట్టే మనిషెత్తు బీరువా. అరలు తీసి డోలును అందుల నిలబెట్టి తలుపు వేసిన. పది నిమిషాలైనంక తీస్తే తోలు నానబెట్టిన అప్పడం లెక్క అయింది. బీరువా కింద నీళ్ల ట్రే ఉంటది, అన్నం ఎండిపోకుండ ఆవిరి కోసం. ఏండ్ల సంది ఆ ట్రే నింపేది నేనే. తడి సంగతి అందరికీ చెప్పి, నేనే పోయి ఆవిరిల పెట్టిన. ముసలాయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

అప్పుడు పొద్దు యాదికొచ్చింది. దుబాయ్‌ల మేనెల ఎండ కంటె పెద్ద పొయ్యి ఏముంది? డోలును ట్రాలీ మీద పెట్టి సామాన్లు దించే వెనుక రాంపు మీదికి తీస్కపోయిన. అక్కడ ఇనుప పలక చెయ్యి పెట్టనియ్యది. డోలును దాని మీద పండబెట్టి, తోలు పొద్దు దిక్కు తిప్పి కూసున్న. ఒక్కదిక్కే కాగితే తోలు చీలుతది, అందుకే అటింత ఇటింత తిప్పుకుంట, బొటనవేలితోని కొట్టి చూసుకుంట. ముసలాయన ఆ పక్క, నేను ఈ పక్క. నెత్తిన తువ్వాలలు.

కూరగాయల బండి వచ్చి హారన్ కొట్టింది. సూపర్‌వైజర్ ఫోన్ చెవికి పెట్టుకొనే వచ్చిండు. దారికి అడ్డం కూసుంటే ముదీర్, అంటే పెద్ద మేనేజరు, తనను తింటడన్నడు. సామాను రాంపు మీద పెట్టాలంటే కాగితం ఉండాలన్నడు. ఆ కాగితం ఎవరిస్తరంటే, ఇచ్చేటాయన సెలవుల ఉన్నడన్నడు.

"అయితే పొద్దుకు చెప్పు, కాగితం వచ్చేదాక ఆగమని" అన్న.

"నీతో వేగలేను బాబాయ్" అనుకుంట ఆయనే బండిని అవతలి గేటుకు పంపిండు. కాసేపటికి రెండు మంచినీళ్ల సీసాలు గూడ పంపిండు. అది గూడ చెప్పాలె.

మొగులు ఎర్రబడే యాళ్లకు తోలు బిగిసింది. పొగ మిషను బందు పెట్టమని మేడంను బతిలాడే పని సూపర్‌వైజరే నెత్తికెత్తుకున్నడు.

సభల నేను తలుపు వెనుక కుర్చీల బండి దగ్గర నిలబడ్డ. ముసలాయన మొదటి దెబ్బ కొట్టిండు. ఎండిన కట్టె విరిగినట్టు పలికింది. హాలంతా లేచి నిలబడ్డది. అయినంక మేడం మైకు పట్టుకొని లైట్లోళ్లకు, సౌండోళ్లకు, పువ్వులు పంపినోళ్లకు, అందరికీ పేరు పేరున మొక్కింది. పొద్దు పేరు గూడ లేదు, ఇగ నా పేరు ఎక్కడిది.

ముసలాయన మాత్రం బహుమతి చంకల పెట్టుకొని వెనుక తలుపు కాడికి వచ్చిండు. డోలు నా ముందు పెట్టి కొట్టమన్నడు. కొట్టిన. ఆయన మొఖం అదోలా పెట్టి, నా మణికట్టు పట్టుకొని, చెయ్యి గట్ల కాదు గిట్ల వాలాలని చూపించిండు. ఏడేండ్లప్పటి సంది కొడుతున్న నాకు నేర్పుతడు. మంట లేకుండ ఆయన డోలు కాపింది నేను. నాకు ఒళ్లు మండింది.

ఆయన చూపించినట్టే మళ్ల కొట్టిన. ఈసారి తలకాయ నిలువుగ ఊపిండు.