డేరాలో ఇసుక

బహ్రెయిన్‌లో నేను పనిచేసే ఇంగ్లాండు వాళ్లు వేసవి సెలవుల చివర నన్నూ వాళ్ల దేశం తీసుకెళ్లారు. సముద్రం ఒడ్డున డేరాలో మూడు రోజులున్నాం. పుట్టినప్పటి నుంచీ నేనే పెంచిన వాళ్ల పాప ఇసుక కాళ్లతోనే లోపలికొచ్చేది.

"కాళ్లు కడుక్కుని రావే తల్లీ, ప్రాణాలు తోడేత్తన్నావు!" అని కసిరేదాన్ని. నా తెలుగు దానికి బాగా తెలుసు. నవ్వి, మళ్లీ అలాగే వచ్చేది.

పాపా వాళ్లమ్మా తర్వాత వస్తారనుకుని, సారూ నేనూ ముందు బహ్రెయిన్ తిరిగొచ్చాం. వచ్చీ రాగానే అమ్వాజ్ దీవిలో వాళ్ల ఇంటి వాకిట్లో, వెంట తెచ్చిన డేరా పరిచి, లోపల అంటుకున్న చిన్న చిన్న పాదాల అచ్చులన్నీ రుద్ది కడిగేశాను. ఇసుక కనబడితే నా చేతులు ఊరుకోవు.

అప్పుడు చెప్పారు సారు, పాపని అక్కడే బడిలో వేశామని, ఇక రాదని.

తడి డేరా మీద మోకాళ్లూని వెతికాను. దిక్కుమాలిన చేతులు, ఒక్క అడుగైనా మిగల్చలేదు.