ఎస్త్రెనార్ అంటే ఏందంటే

మా అమ్మకు కొత్త వస్తువు కనపడితే చెయ్యి ఊకోదు. బిందె అయినా, బండి అయినా, బడి సంచి అయినా ఇంట్లకు రాంగనే దానికి పసుపు కుంకుమ పడాల్సిందే. గద్వాలల మా ఇంట్ల పసుపు మచ్చ లేని బట్ట దొరకదు. నాకేమో చిన్నప్పటి సంది అది చూస్తే ఒళ్లు మండుతది.

ఆ పొద్దు నాకు స్పానిష్ మాట్లాడే పరీక్ష. పాసయితే ఇంట్లనే కూసోని, ఆ భాష మాట్లాడేటోళ్లకు ఫోన్ల జవాబులు చెప్పే కొలువు. అప్పటికే రెండుసార్లు తప్పిన. మూడోసారి గూడ తప్పితే మళ్ల పిలిచేది లేదని ముందే చెప్పిండ్రు. బట్టల దుకాణంల పొద్దంత నిలవడి చీరెలు మడతపెట్టే పని నుంచి బయటపడనీకి నాకు అదొక్కటే దారి. అందుకే ముందురోజే వనపర్తికి పోయి కొత్త లాప్‌టాప్ తెచ్చుకున్న.

తెల్లారి తానం చేసి వచ్చి దాని ముందర కూసున్న. వీడియో కాల్‌ల పరీక్ష పెట్టే మేడమ్ మెక్సికో ఆమె, నడీడు మనిషి. నన్ను చూసి కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది, మళ్ల పెట్టుకున్నది. "మీ ఇల్లంత గిట్ల పసుప్పచ్చగ, నడుమ ఎర్రగ, మసకమసకగ ఉన్నదేంది?" అని స్పానిష్‌ల అడిగింది.

చూస్తే తెర పైన ఉండే ఆ చిన్న కెమెరాకు పసుపు, నడుమ కుంకుమ బొట్టు. లాప్‌టాప్‌కు నొసలు ఏడుందో వెతికి మరీ పెట్టింది మా తల్లి.

"ఏం పని చేసినవమ్మా ఇది" అని గయ్యిన లేచిన. తలుపు కాడ నిలవడ్డ అమ్మ జరంత గూడ బెదరలే. "కొత్తది కద బిడ్డా. బొట్టు లేకుంట ఎట్ల మొదలువెడుతవ్?" అన్నది.

చున్నీతోని తుడుసుకుంట, నోటికొచ్చిన స్పానిష్‌ల మేడమ్‌కు సంగతి చెప్పిన. ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. "అయితే నిన్ను అడగాల్సిన మాట దొరికింది. ఎస్త్రెనార్. దాని అర్థం, ఎట్ల వాడుతరో మీ ఊరి ముచ్చట్లతోనే చెప్పు" అన్నది.

నా పానం లేచొచ్చింది. అది నాకు తెలిసిన మాటే. ఒక వస్తువును మొట్టమొదటిసారి వాడుడు ఎస్త్రెనార్. కొత్త చెప్పులు తొడుక్కొని గడప దాటిన రోజు ఆ మాట చెల్లుతది, తెల్లారి నుంచి చెల్లదు, ఇగ ఉత్త తొడుక్కునుడే. సినిమా మొదటి ఆటకు గూడ అదే మాట. మా గద్వాల చీరెను నేసేటోళ్లు నెల పొద్దులు నేసినా, ఎస్త్రెనార్ చేసేది మాత్రం కట్టుకున్నామెనే. దుకాణంల నేను రోజూ కొత్త చీరెలు విప్పి చూపెడుత, ఒక్కటి గూడ ఎస్త్రెనార్ చెయ్యలే అని చెప్పిన. మేడమ్ రాసుకున్నది.

"ఆఖరి ప్రశ్న. మీ అమ్మ మొదటిసారి ఎస్త్రెనార్ చేసిందేందో అడుగు. ఆమె చెప్పింది నువ్వు స్పానిష్‌ల చెప్పు."

నువ్వు మొదలుమొదలు వాడిన కొత్తదేందని అమ్మను అడిగిన. అమ్మ బిజినేపల్లి దిక్కు రైతుల ఇంట్ల ఐదో ఆడపిల్ల. లంగాలు, పలకలు, పుస్తకాలు, అన్నీ అక్కలు వాడి ఇచ్చినవే. పెండ్లినాటి కాళ్ల పట్టీలు గూడ పెద్దక్కవేనట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. వేళ్లు మడుసుకుంట శానసేపు యాదిచేసుకున్నది. నాకేమో టైమ్ అయిపోతున్నదని పరేషాన్.

"నిన్నే" అన్నది చివరికి. "నీకంటె ముందు నా చేతులకు కొత్తది ఏమొచ్చింది?"

రెండేండ్లు కూడబెట్టుకున్న స్పానిష్ అంత ఏటో పోయింది. మేడమ్ ఎదురుచూస్తున్నది. మనిషి మొదటిసారి తల్లి అయితే గూడ అదే మాట వాడుతరని యాదికొచ్చింది. మా అమ్మ అమ్మతనాన్ని నాతోనే ఎస్త్రెనార్ చేసిందని, ఆగుకుంట ఆగుకుంట చెప్పిన.

మేడమ్ కలం పక్కకు పెట్టి రెండే మాటలన్నది.

"ఏమంటున్నదామె?" అని అమ్మ అడిగింది.

"పాసయిన్నట."

"మరి ఏడుస్తవెందుకే?" అన్నది అమ్మ.