పదకొండో నంబరు చుక్క

జ్వరాలు ఏ సంత నుంచి ఏ ఊరికి పాకుతున్నాయో తెలుసుకునే సర్వేలో రెండేళ్ళు పనిచేశాను. డుంబ్రిగుడ చుట్టుపక్కల కొండ ఊళ్ళలో కొందరికి ఫోన్లిచ్చాం. వాళ్ళు ఎటు వెళ్ళారో, ఎక్కడ ఎంతసేపు ఆగారో ఆ ఫోన్ల వల్ల తెలిసేది. కంప్యూటర్లో పటం మీద మనిషికో చుక్క. చుక్కకు నంబరే ఉంటుంది, పేరుండదు. ఒప్పుకోలు కాగితాల మీద వేలిముద్రలు తీసుకునేటప్పుడు ఆ మాట ఇంటింటికీ చెప్పింది నేనే.

పదకొండో నంబరు ఎవరిదో మాత్రం నాకు తెలుసు, ఆ ఫోన్ నా చేతులతో ఇచ్చాను కనుక. ఇద్దరు పిల్లల తల్లి, నాకంటే చిన్నది. ప్రతి సంత రోజూ ఆమె చుక్క నేరుగా సంతకు వెళ్ళకుండా పక్కదారి పట్టి, ఒక కల్వర్టు దగ్గర గంటసేపు ఆగేది. అక్కడ ఊరూ లేదు, బడ్డీకొట్టూ లేదు.

ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో రాగులు చెరుగుతోంది. పక్కనే అత్త అడ్డాకులు కుడుతోంది. అత్త ముందు అడగకూడదని నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, నాకెంత తెలుసో చూపించుకోవాలనిపించింది.

"సంత రోజు ఆ కల్వర్టు దగ్గర అంతసేపు ఏం చేస్తావమ్మా?" అన్నాను నవ్వుతూ.

ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"ఏ కల్వర్టు?" అంది అత్త.

"ఏం లేదు, ఫోన్ తప్పు చూపించి ఉంటుంది" అన్నాను. అత్త నా వైపు చూడనే లేదు. కోడలినే చూస్తోంది.

వారం తర్వాత ఆమె మేం కూర్చునే ఆరోగ్య కేంద్రానికి ఒక్కతే వచ్చింది. తువ్వాలులో చుట్టి తెచ్చిన ఫోన్ బల్ల మీద పెట్టింది.

"పేర్లుండవని సెప్పినావు కదా మేడమ్."

నేను రిజిస్టరు తెరిచి పదకొండో నంబరు వెతికాను.

"మా సెల్లి ఇంట్లో సెప్పకుండా మనువాడేసింది. మావోళ్ళెవులూ దాంతో మాటాడరు. నాకోసం అక్కడికొచ్చి కూకునేది. దాని సంటి గుంటని ఎత్తుకొచ్చి సూపించేది. ఇప్పుడు నన్ను సంతకి పంపట్లేదు. మా అత్తే ఎల్తంది."

తప్పైపోయిందని చెప్పాలి. కానీ నేనన్నది, "ఛార్జర్ ఏదమ్మా?" అని.

సంచిలోంచి ఛార్జర్ తీసి ఫోన్ పక్కన పెట్టి వెళ్ళిపోయింది. చెల్లెలికి కబురు అందిందో లేదో, ఇంకా ఎన్ని సంతలు అక్కడ ఎదురుచూసిందో నేను కనుక్కోలేదు. కనుక్కునే మొహం లేకపోయింది.

ఫారంలో 'ఎందుకు మానేశారు' అన్న గడిలో 'సిగ్నల్ సమస్య' అని రాశాను. నెలాఖరు మీటింగులో మా సార్ అది చదివి, "కొండల్లో మామూలేగా" అన్నారు.

"అవును సార్" అన్నాను.