మోకాలెత్తు తప్పు

నిన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే అక్కయ్య ఫోన్ చేసింది.

"మీ బావ లేరురా" అంది.

ఏంటి అన్నాను. వినపడక కాదు.

మొన్న సాయంత్రమే ఆయన నాకు ఫోన్ చేసి తెనాలిలో వాన ఎంత పడిందని అడిగాడు. బాగానే పడింది బావా అన్నాను. "బాగానే అంటే? దేంతో పోల్చి బాగానే?" అని విసుక్కుని పెట్టేశాడు.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాట అది. విసుగు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆయన మా పెద్దక్క భర్త. మురుగు కాలవల మీద ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక రేపల్లె దగ్గర సొంత ఊళ్ళో స్థిరపడ్డాడు. తెలివైనవాడే. నోరు మాత్రం మంచిది కాదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు కానీ, అలా చెబితే అది మా బావ గురించి అవదు.

ఒకసారి మా చిన్నాన్న కూతురి సంబంధం మాట్లాడటానికి బాపట్ల వెళ్ళాం. అబ్బాయి తండ్రి "మావాడు చాలా నెమ్మదస్తుడండి" అన్నాడు.

బావ లడ్డూ నములుతూ "ఎవరికంటేనండి?" అన్నాడు.

అక్కయ్య తొడ మీద గిల్లింది.

"గిల్లుతావేంటే? లెవెల్ అడిగాను, అంతేగా!"

సంబంధం కుదరలేదు. అదో పెద్ద కథ, వదిలేద్దాం.

ఆయన పిచ్చి అంతా బెంచ్‌మార్క్ మీదే, అంటే దేంతో పోల్చి కొలుస్తామో ఆ గుర్తు మీదే. ఇప్పుడు ఆ మాట అందరిదీ అయిపోయింది. బ్యాంకువాడు వడ్డీకి వాడతాడు. ఫోన్ల షాపు కుర్రాడు స్పీడుకి వాడతాడు. కాలేజీవాడు ర్యాంకులకి, చక్కెర ఫ్యాక్టరీవాడు చెరుకు దిగుబడికి. రక్తం రిపోర్టులో మన అంకె పక్కన నార్మల్ అని రాసి ఉంటుందే, అదీ ఆ జాతిదే.

అసలు ఆ మాట పుట్టింది రాళ్ళ మీద. పాత రోజుల్లో సర్వేవాళ్ళు వంతెన రాతి మీద అడ్డంగా ఒక గాటు కొట్టేవాళ్ళు. అందులో ఇనపబద్ద దూర్చి, బెంచీలా దాని మీద కొలకర్ర నిలబెట్టేవాళ్ళట. సముద్రం కంటే ఈ గాటు ఇంత ఎత్తు అని కాగితాల్లో ఉంటుంది. చుట్టుపక్కల ఏ కాలవ తవ్వినా, ఏ రోడ్డు వేసినా ఎత్తుపల్లాలు, అదే లెవెల్స్, అక్కణ్ణుంచే చూస్తారు.

బావ ఊరి కల్వర్టులో అలాంటి రాయి ఒకటి ఉండేది. గాటు కింద పైకి చూసే బాణం గుర్తు, మూడు గీతలు.

తలకిందులుగా చూస్తే అచ్చం నామం.

ఆడవాళ్ళు ఎప్పటినుంచో దానికి పసుపూ కుంకుమా పెడుతున్నారు. రోడ్డు వెడల్పు చేయడానికి కల్వర్టు పగలగొట్టినప్పుడు ఊరంతా కలిసి రాయిని భద్రంగా తీశారు. స్వామికి మురుగు తగలకూడదని పక్కనే సిమెంటు దిమ్మ కట్టి, దాని మీద నిలబెట్టారు. నామం సరిగ్గా కనపడేలా తిప్పి మరీ నిలబెట్టారు.

రాయి మోకాలెత్తు లేచింది.

ఆ తరవాత మురుగు కాలవ బాగుచేయడానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. దణ్ణం పెట్టుకుని, ఆ రాయి దగ్గర్నుంచే, కాగితాల్లో ఉన్న పాత ఎత్తుతోనే లెవెల్స్ తీశారు. లెక్కలో సముద్రం కూడా మోకాలెత్తు లేచింది. కాలవ అడుగు ఎక్కడుండాలో అంతకు మోకాలెత్తు పైన ఆగింది. ఊరి నీళ్ళు కాలవలోకి దిగవు. కాలవ నీళ్ళే ఊళ్ళోకి వస్తాయి.

బావ ఊరుకుంటాడా? మళ్ళీ తవ్వమని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒకసారి నన్నూ లాక్కెళ్ళాడు.

"బెంచ్‌మార్క్ నుంచే తీశామండి. అన్నీ టాలీ అయ్యాయి" అన్నాడు అక్కడి కుర్ర ఆఫీసరు.

"తప్పు గుర్తుతో అన్నీ టాలీ అయ్యాయి నాయనా, అదే నా ఏడుపు!"

"బిల్లు పాస్ అయిపోయిన పనండి, సార్. ఇప్పుడేం చేయలేం."

ఊళ్ళో చెబితే ఇంకో గొడవ. దేవుణ్ణి పీకేయమంటున్నాడని పుకారు లేచింది. ఎదురింటి పెద్దావిడ గుమ్మంలోకొచ్చి దులిపేసింది.

"ఇంత చదువుకుని స్వామిని కదపమంటావేంటయ్యా?"

"కదపొద్దు అత్తా, కొబ్బరికాయలు కొట్టుకోండి. ఆయన్ని లెవెల్ అడక్కండి, అంతే!"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ తరవాత కాలవ మళ్ళీ తవ్వమని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటే ఊళ్ళో ఒక్కరూ పెట్టలేదు.

నిన్న తెల్లారుతుండగా ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది.

అంబులెన్స్ వెంటనే వచ్చింది. వచ్చి పెద్దరోడ్డు మీదే ఆగిపోయింది. వీధిలో మోకాలెత్తు నీళ్ళు.

మంచం మీద వేసి నలుగురు మోశారు. నీళ్ళలో అడుగు తీసి అడుగు వేస్తూ ఎంత తొందరగా నడవగలరు? ఎదురింటి పెద్దావిడే పక్కన నీళ్ళలో నడుస్తూ ఆయన తల పట్టుకుందట. అక్కయ్య చెప్పింది.

రోడ్డెక్కేసరికి బావ లేడు.

శ్మశానం కూడా మునిగింది. కాలవ గట్టు ఒక్కటే పొడిగా ఉంటే అక్కడే దహనం చేశాం. ఒప్పుకోవాలి, గట్టు మాత్రం గట్టిగా వేశారు.

ఊరి పెద్ద ఒకాయన దండ వేసి నా భుజం పట్టుకున్నాడు. "మన చేతుల్లో ఏముంది బాబూ, అంతా దైవ నిర్ణయం" అన్నాడు.

"లేదండి. దేవుడి మీద పెట్టకండి. కాలవ మళ్ళీ తవ్వితే సరిపోయేది" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు.

పోయిరా బావా. నీళ్ళు నిలవని మెరక చూసుకుని, ఎవరితోనూ వాదించే పని లేకుండా, ప్రశాంతంగా పడుకో.